మగచేప ఒంట్లో పచ్చసొన!

కోడిగుడ్డులో పచ్చసొన ఎక్కడ తయారవుతుంది?

ఇదేం ప్రశ్న, గుడ్డు ఎక్కడ తయారైతే అక్కడే కదా అనిపిస్తుంది. కాదు! చికెన్ కొట్టులో అడిగి మరీ వేయించుకుంటామే కార్జం... ఆ కాలేయమే పచ్చసొనకు అసలైన వంటిల్లు. అక్కడ తయారైన 'విటెల్లోజెనిన్' అనే ప్రొటీను నెత్తురులో కలిసి అండాశయానికి చేరుతుంది. ఎదుగుతున్న గుడ్డు దాన్ని పీల్చుకుని, ముక్కలు చేసి, పుట్టబోయే పిల్లకు ఆహారంగా దాచిపెడుతుంది. కోడి, కప్ప, చేప... అన్నిటిదీ ఇదే పద్ధతి.

మరి గుడ్డు పెట్టే కాలం వచ్చిందని ఎక్కడో ఉన్న కాలేయానికి తెలిసేదెలా? అండాశయం కబురు పంపుతుంది. ఆ కబురే ఈస్ట్రోజెన్ హార్మోను. దాన్ని అందుకోవడానికి కాలేయ కణాల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్లనే ప్రొటీన్లు కాచుకుని ఉంటాయి. తాళంలో తాళంచెవి దూరినట్టు హార్మోను వచ్చి కూర్చోగానే రిసెప్టర్ ఆకారం మారిపోతుంది. రెండేసి రిసెప్టర్లు జతకట్టి, విటెల్లోజెనిన్ జన్యువుకు ముందున్న ఓ చిన్న డీఎన్ఏ ముక్కను పట్టుకుంటాయి. అంతే, జన్యువు మేల్కొంటుంది. ప్రొటీను తయారీ మొదలవుతుంది.

ఆ ముక్క పొడవు కేవలం 13 అక్షరాలు. దాన్ని 1986లో జర్మనీ శాస్త్రవేత్తలు ఆఫ్రికా కప్ప జన్యువులో గుర్తించారు. చిత్రమేమిటంటే అది మన 'వికటకవి' లాంటిది. డీఎన్ఏలో ఒక పోగును ఇటునుంచీ, రెండో పోగును అటునుంచీ చదివితే రెండు కొసల్లోని అయిదేసి అక్షరాలూ ఒకేలా ఉంటాయి. మధ్యలో మూడక్షరాలు ఏవైనా ఫర్వాలేదు. చెరో సగాన్నీ చెరో రిసెప్టర్ పట్టుకుంటుందన్నమాట.

పుంజుకూ ఉంది...

అసలు విచిత్రం ఇకమీదే. ఈ జన్యువు పెట్టలకే పరిమితం కాదు. పుంజు కాలేయంలోనూ ఉంది, మగకప్పలోనూ ఉంది. తగినంత ఈస్ట్రోజెన్ అందదు కాబట్టి జీవితాంతం నిద్రపోతుంటుంది. మరి బయటినుంచి హార్మోను ఎక్కిస్తే? మగకప్ప కాలేయం కూడా బుద్ధిగా గుడ్డుసొన ప్రొటీను తయారుచేసేస్తుంది! దీన్ని లోతుగా పరిశోధించినవారిలో ముంబయిలో పుట్టి లండన్‌లో స్థిరపడిన జంషెడ్ టాటా ఒకరు. ఇంకో సంగతి... రెండోసారి హార్మోను ఇస్తే పని మరింత వేగంగా మొదలవుతుంది. మొదటి మోతాదుకే కణాల్లో రిసెప్టర్ల సంఖ్య పెరిగిపోవడం దీనికో కారణం. కాలేయం ఓసారి నేర్చిన పాఠాన్ని మరచిపోదు మరి!

మనుషుల మాటేమిటంటారా? మనలోనూ ఆ జన్యువుల ఆనవాళ్లున్నాయని 2008లో తేలింది. కాకపోతే శిథిలాలుగా మాత్రమే. బిడ్డకు తల్లి గర్భంలోనే పోషణ అందుతోంది, పుట్టాక పాలున్నాయి... ఇక సొనతో పనేముంది? గుడ్లు పెట్టి పాలు కూడా ఇచ్చే ప్లాటిపస్‌లో మాత్రం అలాంటి జన్యువు ఒకటి ఇంకా పనిచేస్తోంది.

నది చెప్పిన రహస్యం

ఇదంతా ప్రయోగశాల ముచ్చటగానే ఉండిపోయేదేమో. కానీ 1970ల చివర్లో లండన్‌కు ఉత్తరాన లీ నది దగ్గర, మురుగునీటి శుద్ధి కేంద్రం మడుగుల్లో, రోచ్ అనే రకం చేపలు కొన్ని ఆడా మగా కాని స్థితిలో కనిపించాయి. నీళ్లలో ఏదో ఉంది. ఏమిటది? బ్రూనెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ సంప్టర్, ఆయన సహచరులు ట్రౌట్ చేపల్ని బోనుల్లో పెట్టి, దేశంలో పలుచోట్ల శుద్ధి కేంద్రాలనుంచి నీరు బయటికొచ్చే దారుల్లో ఉంచారు. మూడు వారాల తరవాత నెత్తురు పరీక్షిస్తే విటెల్లోజెనిన్ 500 రెట్లనుంచి లక్ష రెట్ల దాకా పెరిగిపోయింది! ఈ ఫలితాలు 1994లో వెలువడ్డాయి.

దోషులెవరో 1998లో తేలింది. స్త్రీల శరీరంలో సహజంగా తయారై మూత్రంలో పోయే ఈస్ట్రోజెన్లు కొంత, గర్భనిరోధక మాత్రల్లో వాడే ఎథినైల్ ఈస్ట్రడయోల్ కొంత. శరీరం వీటిని పనిచేయని రూపంలోకి మార్చే బయటికి పంపుతుంది. కానీ మురుగులోని బ్యాక్టీరియా వాటిని మళ్లీ పాత రూపానికి తెస్తుంది. చేప కాలేయంలోని రిసెప్టర్‌కు తాళంచెవి ఎవరిదన్న పట్టింపు లేదు. పడితే చాలు, తలుపు తెరుస్తుంది.

అయితే ఏంటట, నాలుగు చేపల్లో కాస్త సొన తయారైతే కొంపలేం మునుగుతాయి అనుకున్నవాళ్లూ ఉన్నారు. వారికి జవాబు కెనడాలో దొరికింది. పరిశోధనల కోసమే కేటాయించిన ఓ సరస్సులో 2001నుంచి వరసగా మూడు వేసవులు కారెన్ కిడ్ బృందం ఎథినైల్ ఈస్ట్రడయోల్ కలిపింది. లీటరుకు 5-6 నానోగ్రాములంతే. అంటే ఒక గ్రాము మందు 20 కోట్ల లీటర్ల నీటికి... 10 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 20 వేలన్నమాట! ఆ మాత్రానికే ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్నచేపల్లో మగవి విపరీతంగా విటెల్లోజెనిన్ తయారుచేశాయి. వృషణాల్లో అండకణాలు కనిపించాయి. సంతానం ఆగిపోయింది. సరస్సులో ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వాటిని తిని బతికే పెద్ద ట్రౌట్ చేపలూ తగ్గిపోయాయి.

దాంతో మాత్రల్ని తిట్టిపోసినవారు కొందరు. అది సరికాదు. సహజ హార్మోన్ల వాటా తక్కువేం కాదు, కొన్ని పారిశ్రామిక రసాయనాలూ అదే తాళంలో దూరగలవు. సమస్యంతా మురుగును ఎంత బాగా శుద్ధి చేస్తున్నామన్నదే. 2015లో ఐరోపా సమాఖ్య, నీళ్లలో కనిపెట్టి ఉండాల్సిన పదార్థాల తొలి జాబితాలో ఈ ఈస్ట్రోజెన్లను చేర్చింది. ఇక కొత్త రసాయనమేదైనా హార్మోనులా పనిచేస్తుందేమో తేల్చడానికి ప్రయోగశాలలు చేసే పరీక్షల్లో ఒకటి... దాన్ని కలిపిన నీళ్లలో మగచేపను వదిలి, ఒంట్లో సొన ప్రొటీను ఉందేమో చూడటం!

అన్నట్టు, మందు కలపడం ఆపేశాక కెనడా సరస్సులో మిన్నోలు కొన్నేళ్లకు మళ్లీ పెరిగాయి.