ప్లేస్టేషన్ 6 పుకార్లు: ‘40 టెరాఫ్లాప్స్’ అంటే ఏంటి? ఇప్పుడు కొనాలా, ఆగాలా?

"అబ్బా, ఇప్పుడు పీఎస్5 వద్దు. పీఎస్6 వస్తోంది, దాని పవర్ నలభై టెరాఫ్లాప్స్ అంట!" గేమ్స్ ఆడే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. యూట్యూబ్ వీడియోల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ అంకె తెగ తిరుగుతోంది. ఒకరు 34 అంటే ఇంకొకరు 40 అంటారు. పాశమైలారంలోనో, బొల్లారంలోనో షిఫ్టుకు వెళ్లే తండ్రికి ఈ అంకెతో పనేముంది అనిపించవచ్చు. కానీ యాభై వేల రూపాయల వస్తువు కొనాలా, ఆగాలా అన్నది ఇంట్లో ఈ అంకె మీదే తేలుతోంది. అందుకే అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో లెక్కతో సహా చూద్దాం.

సోనీ నిజంగా చెప్పింది ఎంత?

2025 అక్టోబరులో సోనీ, చిప్‌ల కంపెనీ ఏఎండీ కలిసి ఒక వీడియో విడుదల చేశాయి. ప్లేస్టేషన్ ముఖ్య రూపకర్త మార్క్ సెర్నీ, ఏఎండీ అధికారి జాక్ హుయిన్ అందులో మాట్లాడారు. న్యూరల్ అరేస్, రేడియన్స్ కోర్స్, యూనివర్సల్ కంప్రెషన్ అనే మూడు కొత్త పద్ధతుల గురించి వివరించారు. వెలుగునీడలను మరింత సహజంగా చూపడం, చిప్‌లో డేటాను కుదించి వేగంగా పంపడం వంటివి వీటి ఉద్దేశం. అయితే ఇవి ఇంకా కంప్యూటర్ సిమ్యులేషన్‌లోనే ఉన్నాయని, కొన్నేళ్లలో వచ్చే కన్సోల్‌లో వాడాలని అనుకుంటున్నామని సెర్నీ చెప్పారు. ఆ వీడియోలో ధర లేదు, తేదీ లేదు, టెరాఫ్లాప్స్ అంకె అసలే లేదు. 34, 40 అన్నవి లీకుల పేరుతో బయటికొచ్చినవే.

టెరాఫ్లాప్స్ అంటే?

సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేయగలిగితే అది ఒక టెరాఫ్లాప్. ఈ అంకెను ఎవరూ మిషన్ పెట్టి కొలవరు. గుణకారం చేసి రాస్తారు.

మన దగ్గరి ఫ్యాక్టరీతో పోల్చి చూడండి. పీఎస్5 గ్రాఫిక్స్ చిప్‌లో 36 షెడ్లు ఉన్నాయనుకోండి. ఒక్కో షెడ్‌లో 64 మంది పనివాళ్లు. గంట కొట్టిన ప్రతిసారీ ఒక్కొక్కరు రెండు లెక్కలు పూర్తి చేస్తారు. ఆ గంట సెకనుకు గరిష్ఠంగా 223 కోట్ల సార్లు మోగుతుంది. ఇప్పుడు 36ని 64తో, దాన్ని రెండుతో, తర్వాత 223 కోట్లతో గుణిస్తే దాదాపు 10 లక్షల 28 వేల కోట్లు వస్తుంది. అదే పీఎస్5కి చెప్పే 10.28 టెరాఫ్లాప్స్.

అంటే పనివాళ్లందరూ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేకుండా పనిచేస్తే వచ్చే అంకె ఇది. ఏ ఫ్యాక్టరీలోనైనా అలా జరుగుతుందా? ముడిసరుకు లారీ ఆలస్యమైతే మనుషులున్నా పని ఆగుతుంది. చిప్‌లో ఆ లారీ పని చేసేది మెమరీ.

పీఎస్5 ప్రో విషయంలో ఏం జరిగింది?

2024 మార్చిలో పీఎస్5 ప్రో గురించి ఇలాగే ఒక లీక్ వచ్చింది. దాంతో పాటే 33.5 టెరాఫ్లాప్స్ అన్న మాట ప్రపంచమంతా పాకింది. పాత పీఎస్5 కంటే మూడు రెట్లు పవర్ అని అందరూ అనుకున్నారు.

ఆ ఏడాది నవంబరు 7న ప్రో విడుదలైంది. తర్వాత డిసెంబరులో సెర్నీ స్వయంగా లెక్క విప్పి చెప్పారు. అసలు అంకె 16.7. లీకైన వివరాలను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల 33.5 పుట్టింది. ఏఎండీ కొత్త చిప్‌లలో ఒక్కో పనివాడికి ఒకేసారి రెండు పనులు ఇచ్చే పద్ధతి ఉంది. కాగితం మీద దాంతో అంకె రెట్టింపు అవుతుంది. ప్రోలో ఆ పద్ధతి లేదు, అయినా జనం రెట్టింపు చేసి చెప్పుకున్నారు.

సోనీ అధికారికంగా ఇచ్చిన అంకెలు చూస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పీఎస్5తో పోలిస్తే ప్రోలో షెడ్లు 36 నుంచి 60 అయ్యాయి, అంటే 67 శాతం ఎక్కువ. మెమరీ వేగం పెరిగింది 28 శాతం. చివరికి ఆటలో బొమ్మ గీసే వేగం పెరిగింది 45 శాతం దాకా. మనుషులు పెరిగినంతగా సరుకు రాకపోతే ఉత్పత్తి కూడా అంతగా పెరగదు. ఇంతే లెక్క.

కాబట్టి ఎవరైనా "పీఎస్6 నలభై" అంటే మొదట అడగాల్సింది ఒకటే: ఆ నలభైలో ఈ రెట్టింపు లెక్క కలిసి ఉందా? కలిసి ఉంటే, పీఎస్5 10.28 పక్కన పెట్టి పోల్చాల్సింది ఇరవైని.

అంకె పెద్దదైతే ఆట బాగుంటుందా?

2020లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 12.15 టెరాఫ్లాప్స్‌తో వచ్చింది. పీఎస్5 కంటే 18 శాతం ఎక్కువ. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు చాలా ఆటల్లో పెద్ద తేడా కనపడలేదు. ఇంకో ఉదాహరణ: పాత ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌ది 6 టెరాఫ్లాప్స్, తర్వాత వచ్చిన సిరీస్ ఎస్‌ది 4. కానీ కొత్త తరం ఆటలు నేరుగా నడిచేది ఆ నాలుగు ఉన్నదాంట్లోనే. చిప్ డిజైన్ మారితే పాత అంకెను, కొత్త అంకెను ఒకే తూకంలో పెట్టలేం.

మీ టీవీ సంగతి కూడా చూసుకోండి. ఫుల్ హెచ్‌డీ టీవీలో దాదాపు 21 లక్షల చుక్కలుంటాయి, 4కే టీవీలో దాదాపు 83 లక్షలు. ఇంట్లో ఉన్నది 32 అంగుళాల మామూలు టీవీ అయితే, కన్సోల్‌లో పెరిగిన పవర్‌లో చాలా భాగం కంటికి కనిపించదు. కొత్త కన్సోల్ అంటే కొత్త టీవీ ఖర్చు కూడా అని లెక్క వేసుకోవాలి.

ఆగితే ధర తగ్గుతుందా?

వెనకటి తరాల్లో తగ్గేది. ఇప్పుడు తిరగబడింది. మన దేశంలో పీఎస్5 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, అదీ అమెరికా కంటే దాదాపు మూడు నెలలు ఆలస్యంగా. అప్పుడు డిస్క్ మోడల్ 49,990 రూపాయలు, డిజిటల్ మోడల్ 39,990. 2022 నవంబరులో రెండింటి మీదా ఐదు వేలు పెంచారు. అమెరికాలో కూడా 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచారు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుండటంతో వాటి ధరలు పెరిగాయి. ఆ భారం కన్సోళ్ల మీదా పడుతుంది.

కొత్తది వచ్చినంత మాత్రాన మనకూ అదే రోజు వస్తుందన్న నమ్మకం లేదు. పీఎస్5 ప్రో విడుదలైనప్పుడు ఇండియాకు రానేలేదు. అది వాడే 6 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌కు అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడమే కారణమని సోనీ చెప్పింది.

పీఎస్6 వస్తే పీఎస్5 పనికిరాకుండా పోతుందన్న భయం కూడా అక్కర్లేదు. పీఎస్5 వచ్చిన రెండేళ్లకు, 2022 నవంబరులో విడుదలైన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పీఎస్4లో కూడా వచ్చింది.

డబ్బు విషయంలో మూడు జాగ్రత్తలు

ఒకటి, పీఎస్6 బుకింగ్ పేరుతో ఎవరు అడ్వాన్స్ అడిగినా ఇవ్వకండి. కంపెనీ ధర ప్రకటించకముందే దుకాణంలో బుకింగ్ ఉండదు. పిల్లలు దాచుకున్న ఈదీ డబ్బులు అలా పోగొట్టుకోవద్దు.

రెండు, "నో కాస్ట్ ఈఎంఐ" కాగితం పూర్తిగా చదవండి. చాలా ఆఫర్లలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి. వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

మూడు, కన్సోల్ ధరతోనే ఖర్చు అయిపోదు. ఒక్కో కొత్త గేమ్ వేలల్లో ఉంటుంది. డిస్క్ మోడల్ తీసుకుంటే ఆడేసిన డిస్క్ అమ్ముకోవచ్చు, ఫ్రెండ్స్‌తో మార్చుకోవచ్చు. డిజిటల్ మోడల్‌లో ఆ వీలు లేదు. మొదట కొంత డబ్బు మిగిలినట్టు కనిపించినా, తర్వాత గేములు కొనేకొద్దీ ఆ మిగులు పోవచ్చు.

ఇక ఇప్పుడు కొనాలా, ఆగాలా? పిల్లవాడు ఆడాలనుకునే ఆటలు పీఎస్5లో ఉండి, చేతిలో డబ్బు ఉంటే, పుకారు కోసం ఆగాల్సిన పనిలేదు. డబ్బు ఇంకా సర్దుకోవాలంటే నిదానంగా ఆగండి. ఆ ఆగడం మాత్రం మీ ఇంటి బడ్జెట్‌ను చూసుకుని, ఎవరో వీడియోలో చెప్పిన నలభై అంకెను చూసి కాదు.