గోడెక్కే చెమ్మ: కోడుమూరులో ఏది నిజం?

వానలే అంతంతమాత్రంగా పడే సీమలో గోడకు నెమ్మెక్కడిదని అడిగేవాళ్ళు కోడుమూరులో తక్కువేం కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాది సగటు వాన 670 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అయినా ఇక్కడి ఇటుక ఇళ్ళలో నేల నుంచి రెండు మూడడుగుల దాకా రంగు పొక్కులు లేస్తుంది, ప్లాస్టింగు పెచ్చులూడుతుంది, లోపలి ఇటుక ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. భూమిలోంచి నీరు లాగుతోందని మేస్త్రీ అంటాడు. గోడకు వరసగా కన్నాలు వేసి మందు ఎక్కిస్తే పోతుందని అమ్మేవాళ్ళు అంటారు. నీరు గోడెక్కడమే అబద్ధమని ఎక్కడో చదివినవాళ్ళు వాదిస్తారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. ఆ కొంత నిజాన్ని మొత్తం నిజమనుకోవడం వల్లే ఇంటివాళ్ళు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: నీరు గోడెక్కదు, అదంతా మందుల కంపెనీల కట్టుకథ

ఈ వాదం ఇంగ్లండులో పుట్టింది. లండన్‌లోని సౌత్ బ్యాంక్ పాలిటెక్నిక్‌లో జెఫ్ హోవెల్ ఇటుక స్తంభాలు కట్టి, నీళ్ళ తొట్లలో నిలబెట్టి చూశాడు. నీరు అనుకున్నంత పైకి పోలేదు. 2008లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే ఇది అపోహ అన్న మాట ఉంది. ఆయన కోపానికి కారణం లేకపోలేదు. చలిదేశంలో ఇంటి లోపలి ఆవిరి చల్లటి గోడ మీద నీరై పేరుకుంటుంది. దాన్ని కూడా నేల చెమ్మేనని చెప్పి మందులు అమ్మడం అక్కడ పెద్ద వ్యాపారం. మనకు ఆ చలీ లేదు, ఆ తగాదాను యథాతథంగా అరువు తెచ్చుకోవలసిన అవసరమూ లేదు.

నిజానికి నీరు ఎక్కుతుంది. క్రిస్టఫర్ హాల్, విలియం హాఫ్ 2007లో రాయల్ సొసైటీ పత్రికలో దాని లెక్క తేల్చారు. గోడ ఎంత వేగంగా పీలుస్తుంది, పీల్చింది ఎంత వేగంగా ఆవిరవుతుంది అన్న రెండూ సమానమైన చోట చెమ్మ ఆగుతుంది. ఇటుకలోని సన్నని సందు వ్యాసార్ధం మిల్లీమీటరులో వందో వంతు అనుకుంటే, సిద్ధాంతం ప్రకారం నీరు ఒకటిన్నర మీటరు దాకా పోగలదు. సందు ఇంకా సన్నదైతే ఇంకా పైకి పోతుంది. ఆవిరి కావడం వల్ల మామూలు గోడల్లో అది మీటరు చుట్టుపక్కలే ఆగిపోతుంది. మధ్యలో గట్టి సిమెంటు మాలు అడ్డుపడితే అంతకూడా పోదు. హోవెల్ తొట్లలో నీరు పైకి పోకపోవడంలో వింతేమీ లేదు.

మన ఇటుకల పరీక్షే దీనికి సాక్ష్యం. భారత ప్రమాణం ఐఎస్ 3495 మూడో భాగం ప్రకారం పళ్ళెంలో 25 మిల్లీమీటర్ల నీళ్ళు పోసి ఇటుకను నిలబెడతారు. ఇటుక ఆ నీటిని తాగి, పైనుంచి ఆవిరిగా వదిలేశాక దాని ఒంటి మీద ఎంత మేర తెల్లటి ఉప్పు పూసిందో చూస్తారు. నీరు ఎక్కకపోతే ఈ పరీక్షకు అర్థమే లేదు.

అపోహ: బోర్లలో నీరు ఎక్కడో పాతాళానికి పోయింది, గోడకెలా వస్తుంది?

గోడకు కావలసింది బోరు నీరు కాదు, పునాది పక్కన తడిసిన జానెడు మట్టి. కోడుమూరు చుట్టూ నల్లరేగడి చాలా ఉంది. అది నీటిని పట్టుకుందంటే తొందరగా వదలదు. దాని పక్కనే బాత్రూము నీళ్ళు ఇంకే గుంత, బోరింగు దగ్గర మడుగు, పగిలిన సైడు కాలువ ఉంటే ఎండాకాలంలో కూడా గోడకు ఊట కరువుండదు. ఇంకొకటి ఈ పాతికేళ్ళలో వచ్చింది: సీసీ రోడ్లు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మరో పొర పోస్తూ పోతే వీధి పైకి లేస్తుంది, ఇల్లు కిందికి దిగినట్లవుతుంది. అప్పట్లో నేలకు అడుగున్నర ఎత్తున ఉన్న పీఠం ఇప్పుడు వీధి మట్టానికి వచ్చేస్తుంది. చెమ్మ ఎక్కకుండా పునాది మీద వేసే డీపీసీ పట్టీ నేలకు కనీసం 150 మిల్లీమీటర్లు పైన ఉండాలి. రోడ్డు దాన్ని దాటిందంటే అది ఉన్నా లేనట్టే.

ఆ పట్టీని మనమే పనికిరాకుండా చేస్తుంటాం కూడా. బయటి గోడకు ఆనించి తర్వాత కట్టిన అరుగు, గోడ పొడవునా పోసిన మొరుసు, పట్టీని దాటించి నేల దాకా దించిన ప్లాస్టింగు, ఇవన్నీ చెమ్మకు పక్కదారులు. గోడకు మందు ఎక్కించే ముందు ఒక పలుగు తీసుకుని గోడకు ఆనిన మట్టిని అడుగు కిందికి లాగి చూడడం మేలు. దానికి ఒక పూట కూలీ చాలు.

హంద్రీ నది ఒడ్డున ఉన్న ఇళ్ళ సంగతి వేరు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు నగరంలో మునిగిన గోడలు నీటిని పక్కల నుంచి తాగాయి. వరద తీశాక నెలల తరబడి ఆరుతూ ఉన్న గోడను చూసి కింది నుంచి ఊరుతోందనుకోవడం పొరపాటు.

అపోహ: ఇక్కడి ఎండకు గోడ ఆరిపోతుంది, కనుక నష్టం తక్కువ

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ అపోహే. ఎండ వల్ల చెమ్మ తక్కువ ఎత్తులో ఆగేమాట నిజమే. కానీ ఆవిరి ఎంత వేగంగా పోతే కింది నుంచి అంత నీరు వస్తుంది. దీపం వత్తి నూనె లాగినట్టు గోడ పగలల్లా నేల నీటిని లాగుతుంది. నీరు పోతుంది, అందులో కరిగి వచ్చిన ఉప్పు గోడలోనే మిగులుతుంది. అది స్ఫటికాలుగా గట్టిపడేటప్పుడు సందుల గోడలను తోసి పగలగొడుతుంది. ఇటుకను పొడి చేసేది ఆ ఉప్పు.

మన నేలల్లో ఆ ఉప్పుకు కొదవ లేదు. సవుడు నేలలు సీమలో అందరికీ తెలిసినవే. మట్టి మిద్దె పైన సవుడు మన్ను పరవడం పెద్దవాళ్ళ తెలివి: అందులోని సోడియం బంకమట్టి రేణువులను విడదీసి సందులు పూడుస్తుంది, వాన నీరు కిందికి దిగదు. మిద్దె మీద కాపాడిన ఆ ఉప్పే పునాది పక్క నుంచి ఇటుకలోకి ఎక్కితే గోడను తినేస్తుంది. పశువుల కొట్టం గోడలు ఇంకా తొందరగా పోతాయి. అక్కడి నేలలో మూత్రం నుంచి పుట్టే నైట్రేట్లు ఉంటాయి. పూర్వం పాత ఊరి దిబ్బల మన్ను కడిగి పెట్లుప్పు తీసింది అందుకే.

మొహెంజొదారోలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. 1932లో సుక్కూరు బ్యారేజీ వచ్చి సింధులో సాగు పెరిగాక భూగర్భజలం పైకి లేచింది. వేల ఏళ్ళు మట్టిలో నిలిచిన కాల్చిన ఇటుకలు తవ్వి బయట పెట్టాక ఉప్పుకు రాలిపోవడం మొదలైంది. యునెస్కో సాయంతో గొట్టపుబావులు వేసి నీటిమట్టం దించవలసి వచ్చింది. వానలు అక్కడ మనకంటే ఎంతో తక్కువ.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. కొత్త ఇల్లు కట్టిన మొదటి ఏడాది గోడంతా, పై వరసలతో సహా, తెల్లగా పూస్తే అది నేల చెమ్మ కాదు. ఇటుక మన్నులోనిదో, క్యూరింగుకు కొట్టిన ఉప్పు బోరునీటిలోనిదో ఆ ఉప్పు. పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది.

అపోహ: సిమెంటు పూసి బండ అతికిస్తే ఆగుతుంది

ఆగదు, పైకి జరుగుతుంది. మూడడుగుల దాకా గట్టి సిమెంటో, బేతంచెర్ల బండో కప్పితే ఆ మేర ఆవిరి బయటికి పోలేదు. ఆవిరయ్యే చోటు దొరికేదాకా నీరు ఎక్కుతూనే ఉంటుంది. అందుకే చాలా ఇళ్ళలో బండ అంచుకు సరిగ్గా పైన కొత్త పొక్కులు లేస్తాయి. వాటర్‌ప్రూఫ్ రంగుకూ ఇదే గతి.

అపోహ: మీటరు మోగితే నేల చెమ్మే

గోడకు రెండు సూదులు గుచ్చే మీటరు విద్యుత్తు ఎంత పారుతుందో చూస్తుంది. ఉప్పు ఉన్న గోడ పొడిగా ఉన్నా ఎక్కువే చూపించవచ్చు. పైగా ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే కరుగుతుంది. శ్రావణంలో మరక నల్లబడి, వేసవిలో మాయమయ్యే గోడల్లో చాలావాటిలో ఇప్పుడు కింది నుంచి వచ్చేది ఏమీ ఉండకపోవచ్చు, పాత ఉప్పే మిగిలి ఉంటుంది. నమ్మదగిన పద్ధతి వేరే ఉంది: నేల నుంచి పైకి అడుగడుగుకూ డ్రిల్లుతో లోతు నుంచి పొడి తీసి, తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ తూచడం. నేల చెమ్మ అయితే కింద ఎక్కువ తడి ఉండి పైకి పోయేకొద్దీ తగ్గాలి. మధ్యలోనే ఎక్కువుంటే పైపు లీకేజీ కోసం వెతకాలి.

అప్పటికీ నేల చెమ్మే అని తేలితే మందు ఇంజెక్షనుకు చోటుంది, కానీ అది మొదటి పని కాదు. ముందు నీటి దారి మళ్ళించాలి, గోడకు ఆనిన మట్టి దించాలి, చెడిన ప్లాస్టింగును మరక పైన ఇంకో అడుగు దాకా కొట్టేసి ఒక వేసవి అలాగే వదిలేయాలి. ఆ తర్వాత సున్నం, ఇసుకతో పూత వేస్తే మిగిలిన ఉప్పు ఇటుకను వదిలి ఆ పూతలోకి చేరుతుంది. కొన్నేళ్ళకు పూత పాడవుతుంది. దాన్ని గీకేసి మళ్ళీ వేసుకోవచ్చు, ఇటుక మిగులుతుంది.