పదును తినేసే తుప్పు

మన భాషలో రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. ఇనుముకు పట్టేది తుప్పు. గాలీ తేమా సోకి లోహం చెడిపోవడంవల్ల వచ్చినవే రెండూ. ఐనా మనవాళ్లు వాటికి వేరువేరు పేర్లు పెట్టారు. అందులో మంచి లోకానుభవం వున్నది. చిలుము పట్టిన రాగిచెంబును చింతపండుతో తోమితే చెంబు మళ్లీ చెంబుగానే మెరుస్తుంది. పైన పేరుకున్న పొర గట్టిగా అంటిపెట్టుకుని, అడుగునున్న రాగిని చాలవరకు కాపాడుతుంది కూడా. తుప్పుకు ఆ గుణం లేదు. అది పొరలుపొరలుగా వూడి, కిందనున్న కొత్త ఇనుమును మళ్లీ గాలికీ నీటికీ అప్పగిస్తుంది. చిలుము మాసిన బట్టవంటిదైతే, తుప్పు చెదపురుగువంటిది.

పెరట్లో వానకు తడిసి ఎర్రబడిన కొడవలిని చూసి, "తుప్పేగదా, నూరితే పోతుంది" అంటూ వుంటాము. నూరితే పోయేది తుప్పొక్కటేనా? పాతరోజుల్లో కమ్మరి కొడవలిగాని గొడ్డలిగాని చేసేటప్పుడు, చాలాచోట్ల వొళ్లంతా మెత్తని ఇనుముతో చేసి అంచుకు మాత్రం ఉక్కు వేసేవాడు. పదును నిలిచేది ఆ కాస్త ఉక్కులోనే. అంచు పల్చన కనుక తుప్పుకు ముందుగా లొంగేదీ అదే. తుప్పు తిన్న గుంటలు పోవాలంటే వాటి లోతుదాకా సానపట్టాలి. సానపట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది. అది అయిపోయాక మిగిలేది కొడవలి ఆకారంలోవున్న ఇనుపముక్క! వెనుక ఐతే కొలిమి వూళ్లోనే వుండేది. కళ్లంలో కమ్మరికి మేర కొలిచి, కావలసినప్పుడు మళ్లీ ఉక్కు వేయించుకునేవారు. ఇవాళ చాలా వూళ్లలో కొలిమి చల్లారిపోయింది. వున్న పదునును కాపాడుకోవడమే మన చేతిలో వున్న పని.

తుప్పు ఎలా పుడుతుంది?

ఇంట్లో పిల్లలుంటే ఈ చిన్న ప్రయోగం చేయించండి. మూడు సీసాలలో మూడు కొత్త మేకులు వేయాలి. మొదటి సీసాలో కాస్త పొడిసున్నం వేసి బిరడా బిగించాలి. సున్నం తేమను పీల్చేస్తుంది. రెండోదానిలో బాగా మరగకాచిన నీళ్లు పోసి, పైన నూనె తెట్టెకట్టేటట్టు వెయ్యాలి. కాచినందువల్ల నీటిలోని గాలి పోతుంది, నూనె కొత్తగాలిని దూరనివ్వదు. మూడోదానిలో మామూలు నీళ్లు సగందాకా పోసి వదిలెయ్యాలి. కొద్దిరోజులకు చూస్తే ఎర్రబడేది మూడో మేకే. గాలి ఒక్కటే వున్నా, నీరు ఒక్కటే వున్నా తుప్పు పుట్టదు, రెండూ కలవాలి.

నీరంటే బిందెడు నీళ్లే కానక్కరలేదు. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు దాటితే కంటికి కనిపించని నీటిపొర ఇనుముమీద ఏర్పడుతుంది. దానికి ఉప్పు తోడైతే చెప్పనే అక్కరలేదు. తుప్పు పట్టడమంటే ఇనుముమీద జరిగే చిన్న విద్యుత్ వ్యాపారం. ఉప్పునీరు విద్యుత్తును సులభంగా పారనిస్తుంది కనుక పని చురుకుగా సాగుతుంది. సముద్రతీరంలో కిటికీచువ్వలు తొందరగా తినిపోవడానికి కారణం ఇదే. మన చేతిచెమటలోనూ ఉప్పు వున్నది. పొలంలో చల్లే అమ్మోనియం సల్ఫేటూ పొటాషూ కూడా లవణాలే. ఎరువు కలిపిన పారను కడగకుండా మూల పడేస్తే మర్నాటికే రంగు మారుతుంది.

"స్టెయిన్‌లెస్ కొనుక్కుంటే పోలేదా?" అంటారు కొందరు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ అనే ఆయన ఉక్కులో క్రోమియం కలిపి ఇటువంటి ఉక్కును తయారుచేశాడు. నూటికి సుమారు 10.5 పాళ్లకు తక్కువ కాకుండా క్రోమియం వుంటే, ఉక్కుమీద పల్చని పొర ఏర్పడి దానిని కాపాడుతుంది. వంటింటి చాకుకు అది మేలే. ఐతే ఉప్పుతడి అంటుకునే వుంటే దానికీ గుంటలు పడతాయి. పైగా గొడ్డళ్లూ గునపాలూ కొడవళ్లూ ఇప్పటికీ ఎక్కువగా మామూలు ఉక్కుతోనే చేస్తున్నారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసలలో తీసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అంతటి ఉక్కైనా తడిగా వదిలేస్తే తుప్పు పట్టవలసిందే. దాదాపు 1600 ఏళ్లుగా ఢిల్లీ ఇనుపస్తంభం నిలిచివుండడానికి దాని ఇనుములో భాస్వరం ఎక్కువగా వుండడం ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మన కత్తిపీటకు ఆ అదృష్టం లేదు. దాని భాగ్యమంతా మన చేతిగుడ్డలోనే వున్నది.

గట్టుమీదనే చేయవలసిన పని

పనిముట్టును కాపాడేది పని ముగిసిన తరువాతి రెండు నిమిషాలు. పొలంనుంచి బయలుదేరేముందే పిడికెడు ఎండుగడ్డితో మన్ను రాల్చి, పొడిగుడ్డతో తుడవాలి. మన్ను అంటుకునివుంటే తడిబట్ట చుట్టినట్టే. ఇల్లు చేరినాక మంచినీళ్లతో కడిగి, మళ్లీ తుడిచి, కాసేపు ఎండలోగాని పొయ్యి దగ్గర వెచ్చగాగాని వుంచాలి.

పచ్చిమామిడీ నిమ్మా కోసిన కత్తిని ఎంతమాత్రం అలా వదలకూడదు. ఆ పులుపు ఇనుమును కొరుకుతుంది. ఆవకాయరోజుల్లో నాలుగు కాయలకొకసారి కత్తిని తుడుచుకోవడం మంచిది. అరటికాయ తరిగితే అంచు నల్లబడుతుంది, దానికి భయపడనక్కరలేదు. మన పెద్దలు కరక్కాయా అన్నభేదీ కలిపి సిరా కాచుకునేవారు గదా! కరక్కాయ వగరూ అన్నభేదిలోని ఇనుమూ కలిస్తే ఆ నలుపు వచ్చేది. కత్తిమీద జరిగేదీ అటువంటిదే. భయపడవలసింది ఎరుపుకు.

తుడిచినాక నూనె. నాలుగు చుక్కలు గుడ్డమీద వేసి పల్చగా రాస్తే చాలు. ఎక్కువైతే దుమ్ము పేరుకుంటుంది. ఆముదం చిక్కన, త్వరగా ఎండదు కనుక పారకూ గొడ్డలికీ మంచిది. కత్తిపీటకు వంటనూనె ఏదైనా సరే; యంత్రాలలో వాడిన పాతనూనె మాత్రం దాని దరికి రానీయకూడదు. కర్రపిడికి అవిసెగింజల నూనె పట్టిస్తే చెక్క నీరు పీల్చదు, పిడిలోపలి ఇనుము భద్రంగా వుంటుంది. ఐతే ఆ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం వున్నది. విడివిడిగా ఆరవేయాలి.

కత్తిని తోలు ఒరలో నెలలతరబడి వుంచడం కూడా పొరపాటే. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. పదును చేసినప్పటి లవణాలు కూడా దానిలో మిగిలివుండవచ్చు. ఒర ప్రయాణానికి, గూడు నిలవకు. పూర్వం రైతు కొడవలిని యింటిచూరులో చెక్కేవాడు. నేలచెమ్మ తగలదు, గాలి ఆడుతుంది, పొయ్యిపొగ సోకి పొడిగా వుంటుంది. ఇప్పటి యిళ్లలో గోడకు చెక్కపలక దిగగొట్టి, దానికి తగిలించుకుంటే చాలు. సిమెంటునేలమీద మాత్రం పెట్టకండి.

ఇదివరకే తుప్పు పట్టివుంటే మెత్తని ఇటుకపొడి నూనెలో కలిపి రుద్దాలి. లొంగకపోతే చింతపండుగుజ్జు కొద్దిసేపు పట్టించి, తోమి, బాగా కడిగి, తక్షణమే ఆరబెట్టి నూనె రాయాలి. తొందరపడి నిప్పుల్లో కాల్చకండి. అంచు నీలిరంగు తిరిగిందంటే కమ్మరి పెట్టిన పదును పోయినట్టే.

చివరకు ఒక ముఖ్యమైన మాట. తుప్పుపట్టిన ఇనుము గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్మకం. ఆ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవి వుండేది మన్నులో, పేడలో. తళతళలాడే కొడవలికి మన్ను అంటివున్నా అపాయం అపాయమే. తెగినప్పుడు ఇనుము రంగు చూసి ధైర్యపడకుండా, గాయం కడిగి, డాక్టరుకు చూపి టీకా సంగతి కనుక్కోవాలి.

దసరాకు పనిముట్లన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి పూజిస్తాము. అది వర్షాలు వెనుకపట్టే కాలం. తుప్పు తిన్న లెక్క బయటపడే కాలం కూడా. ఆ రోజు మీ కొడవలినీ కత్తిపీటనూ వెలుతురులో పెట్టి అంచు పరీక్షించండి. ఏటికొకసారి బొట్టు పెట్టే చేత్తోనే రోజుకొకసారి పొడిగుడ్డ పట్టుకుంటే, ఆ పనిముట్టు మీ పిల్లల చేతికి కూడా పదునుతోనే అందుతుంది.