ఓర్పే బలముగా గల ఆటగాడు: గులాం అహమ్మదుగారు



క్రికెట్టు ఆటకును గృహిణుల పత్రికకును సంబంధమేమని మీలో కొందరు నవ్వవచ్చును. మొన్నటివరకు నేనును నవ్వియుండెడిదాననే. సాగరు ఎడమకాలువ నీటితో వరి పండించుకొను మా హాలియాలో సాయంకాలమైనచో బాలురు పుస్తకములు మూలబెట్టి బ్యాటును బంతిని పట్టుకొని పోవుదురు. దీపములు పెట్టువేళకు గాని ఇల్లు చేరరు. వారికొఱకు అన్నముపై మూతపెట్టి యెదురుచూచుటయే ఆ ఆటతో నాకు గల పరిచయము.

గడచిన మాసమున మా చిన్నవాడు కన్నీళ్లతో ఇంటికి వచ్చెను. వీధిపిల్లల జట్టునకు వాడే నాయకుడు. వరుసగా రెండాటలు ఓడిపోవుటచే తోడిబాలురు ఆ పదవిని మఱియొకనికి ఇచ్చిరట. "ఇక నేను బంతి ముట్టను" అని వాడు కంచము ముందు కూర్చుండియు ముద్ద యెత్తలేదు. నేను భారతమునుండి రెండు మాటలు చెప్పబోతిని గాని అవి వాని చెవికెక్కలేదు. అప్పుడు మా యింటివారు వానిని ప్రక్కను గూర్చుండబెట్టుకొని మన హైదరాబాదు ఆటగాడు గులాం అహమ్మదుగారి చరిత్రము చెప్పిరి. వంటింటి గడపకడ నిలిచి నేనును వింటిని. ఆ విన్నది మీకు చెప్పక నిలువలేకున్నాను.

గులాం అహమ్మదుగారు 1922 జూలై 4వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. పదునేడేండ్ల ప్రాయమున, 1939-40లో, హైదరాబాదు జట్టులో చేరి రంజీ ట్రోఫీ పోటీలలో ఆడసాగిరి. వారు బంతి వేయు విద్యయందు ఆరితేరినవారు.

బంతి వేయువారిలో రెండు తెగలు గలవు. ఒక తెగవారు దూరమునుండి పరుగెత్తివచ్చి వేగముగా విసరుదురు. రెండవ తెగవారు నాలుగడుగులు మెల్లగా వేసి, వ్రేళ్లతో బంతిని త్రిప్పి వదలుదురు. వీరినే స్పిన్ బౌలర్లందురు. బొంగరము నేలపై బడి తన తిరుగుడు బలముచేతనే ప్రక్కకు మరలుటను మన వీధులలో చూచియున్నాము గదా. ఈ బంతియు నట్టిదే. అహమ్మదుగారు వేయునది ఆఫ్‌స్పిన్. అనగా కుడిచేతి ఆటగానికి వెలుపలి ప్రక్కను బడి, వికెట్లవైపు లోనికి తిరుగు బంతి. వారు మంచి పొడగరులు. చేయి బాగుగా పైకెత్తి వదలెడివారు. వేగము గలవాడు బెదరించి గెలుచును. స్పిన్నరు ఊరించి, వేచి, ఓర్చి గెలువవలెను.

ఆ యోర్పు ఎంతటిదో 1950-51లో లోకమునకు తెలిసినది. రంజీ ట్రోఫీలో నాడు ఎదిరిజట్టు హోల్కరువారిది. మన తెలుగువారగు సి. కె. నాయుడుగారు తీర్చిదిద్దిన జట్టు. వారు 757 పరుగులు చేసిరి. ఆ ఒక్క ఇన్నింగ్సులో అహమ్మదుగారు 92 ఓవర్లును, పైన మూడు బంతులును వేసిరి. ఓవరునకు ఆరు బంతుల చొప్పున లెక్కింపుడు: 555 బంతులు! ఇచ్చిన పరుగులు 245. దక్కిన వికెట్లు నాలుగే. 1957లో వెస్టిండీసు ఆటగాడు రామధీను 588 బంతులు వేయువఱకు ఒకే ఇన్నింగ్సులో అన్ని బంతులు వేసినవారు లేరు.

ఆ 92 ఓవర్లలో 21 "మెయిడెన్" ఓవర్లట. ఒక్క పరుగైనను ఇయ్యని ఓవరును అట్లందురు. ఈ మాట వినగానే నా మనస్సు అక్కడనే నిలిచినది. అట్టి ఓవరునకు చప్పట్లు మ్రోగుట అరుదు. చూచువారికి ఏమియు జరుగనట్లే యుండును. కాని ఏమియు చెడకుండ కాపాడినది ఆ ఓవరే. పాలు పొంగిపోకుండ, బియ్యమునకు పురుగు పట్టకుండ, బిడ్డ జ్వరము ముదురకుండ గడచిన దినమునకు మనయిండ్లలో మాత్రము ఎవరు చప్పట్లు కొట్టుదురు? ఆ పని విలువ మనకు వేఱుగ చెప్పవలెనా?

హైదరాబాదు రాజ్యము 1948 సెప్టెంబరులో భారతదేశమున చేరినది. ఆ సంవత్సరమే డిసెంబరు 31వ తేదీన కలకత్తాలో వెస్టిండీసువారితో మొదలైన టెస్టు ఆటలో అహమ్మదుగారు దేశపు జట్టున తొలిసారి ఆడి, మొదటి ఇన్నింగ్సులోనే నాలుగు వికెట్లు తీసిరి. 1952లో ఇంగ్లండునకు వెళ్లి ఆ పర్యటనలో మొత్తము 80 వికెట్లు గడించిరి. లీడ్సు నగరపు టెస్టులో 63 ఓవర్లు వేసి నూఱు పరుగులకు అయిదు వికెట్లు తీసిరి. కాని ఏమి లాభము? మనవారు రెండవ ఇన్నింగ్సులో ఒక్క పరుగైనను చేయకముందే నాలుగు వికెట్లు పోగొట్టుకొనిరి.

ఆ యేడే అక్టోబరులో ఢిల్లీయందు పాకిస్తానుతో మన మొదటి టెస్టు జరిగెను. తొమ్మిది వికెట్లు పడిన తరువాత అహమ్మదుగారు బ్యాటు పట్టుకొని వచ్చిరి. బంతి వేయువానివలన పరుగులను ఆశించువా రెవరు? హేమూ అధికారిగారికి తోడుగా నిలిచి వారు 50 పరుగులు చేసిరి. ఆ కడపటి జంట కూర్చిన 109 పరుగులను టెస్టులలో 2004 వఱకు మఱి యే భారతీయ కడపటి జంటయు దాటలేదు.

1955 నవంబరులో హైదరాబాదు ఫతేమైదానమున మొట్టమొదటి టెస్టు ఆట జరిగినది. ఎదిరిజట్టు న్యూజీలాండు, మనజట్టునకు నాయకుడు గులాం అహమ్మదుగారు. పుట్టిన ఊరిలో, తన ఊరి తొలి టెస్టులో నాయకత్వము వహించుటకంటె భాగ్యమేమి గలదు? పాలీ ఉమ్రీగరుగారు 223 పరుగులు చేసిరి. ఆట తేలక ముగిసెను. తరువాతి టెస్టునకే నాయకత్వము ఉమ్రీగరుగారికి పోయెను.

దానికి వారు అలిగి కూర్చుండలేదు. మరుసటి యేడు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరునాడే, అనగా 1956 నవంబరు 2వ తేదీన, కలకత్తాలో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలయ్యెను. అందు ఉమ్రీగరుగారి నాయకత్వముననే ఆడి, మొదటి ఇన్నింగ్సులో 49 పరుగులకు ఏడు, రెండవదానిలో మూడు, మొత్తము పది వికెట్లు తీసిరి. టెస్టు ఆటలలో వారికి ఇంతటి పంట మఱి లేదు. అయినను మనవారు రెండుసారులును 136 పరుగులకే కూలుటచే ఆట ఓడిపోయితిమి.

1958లో వెస్టిండీసువారు వచ్చిరి. అయిదు టెస్టులకు మనవారు నలుగురు నాయకులను మార్చిరి. బొంబాయిలో ఉమ్రీగరుగారు, కాన్పూరు కలకత్తాలలో అహమ్మదుగారు, మద్రాసులో మన్కడుగారు, ఢిల్లీలో అధికారిగారు. కాన్పూరులో సుభాష్ గుప్తేగారు ఒకే ఇన్నింగ్సులో తొమ్మిది వికెట్లు తీసినను ఓటమి తప్పలేదు. కలకత్తాలో కన్హాయి అనువాడు 256 పరుగులు చేయగా, మనవారు ఇన్నింగ్సుపైన 336 పరుగుల తేడాతో ఓడిరి. కురుక్షేత్రమున భీష్మ ద్రోణ కర్ణ శల్యులను వరుసగా సేనాపతులను జేసినను కౌరవుల తలవ్రాత మాఱినదా?

ఆ కలకత్తా ఆట మొదలైనది 1958 డిసెంబరు 31న. సరిగా పదేండ్లకు, అదే నగరమున, అదే వెస్టిండీసు ఎదుట, అదే తేదీన మొదలైన ఆటయే వారి చివరి టెస్టు. మొత్తము 22 టెస్టులు, 68 వికెట్లు. నాయకత్వము వహించినవి మూడే, అందు గెలిచినది ఒక్కటియు లేదు.

"అంతటితో ఆయన పని ముగిసెనా నాన్నా?" అని మావాడు అడిగెను. లేదు. 1962లో అహమ్మదుగారు మేనేజరుగా జట్టును వెస్టిండీసునకు తోడ్కొనిపోయిరి. బార్బడోసులో నాయకుడు నారీ కంట్రాక్టరుగారి తలకు బంతి తగిలి ప్రాణములమీదికి వచ్చెను. ఎదిరిజట్టు నాయకుడు ఫ్రాంక్ వొరెల్ తన రక్తమిచ్చి ఆదుకొనెను. ఆ కష్టసమయమున ఇరువదియొక్క యేండ్ల పటౌడీగారిపై నాయకత్వభారము పడెను. ఆ బరువెట్టిదో ఎఱిగిన పెద్ద ఆ యువకునికి అండగా నుండుట ఎంత మేలు!

పిమ్మట 1975 మొదలు 1980 వఱకు వారు భారత క్రికెట్టు బోర్డు కార్యదర్శిగా నుండిరి. 1983లో జట్టును ఎన్నుకొను సంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. వారు ఎన్నిన జట్టే ఆ జూన్ 25న లార్డ్సు మైదానమున ప్రపంచకప్పు గెలిచినది. తన నాయకత్వమున ఒక్క టెస్టైనను గెలువని మనిషి, ఇతరులు గెలుచుటకు దారి తీర్చిరి. 1998 అక్టోబరు 28న వారు పరమపదించిరి.

ఇది పురుషులకే చెందిన విద్య యనుకొందుమేమో! 1995లో న్యూజీలాండున జరిగిన పోటీలలో గెలిచిన భారత మహిళల జట్టునకు నాయకురాలు సికిందరాబాదులో పుట్టిన పూర్ణిమా రావుగారు, వారును ఆఫ్‌స్పిన్నరే. 2025 నవంబరులో మన ఆడపడుచులు ప్రపంచకప్పు గెలిచినప్పుడు, ఎడమచేతితో బంతి త్రిప్పిన కడపజిల్లా బాలిక శ్రీచరణి అందొకతె. మన కూతుళ్లు బంతి యడిగినపుడు కాదనకుందుము గాక.

కథ ముగియునప్పటికి మావాడు చల్లారిన అన్నమే కలుపుకొని తినెను. మరునాటి సాయంకాలము తిరిగి బయలుదేరుచుండగా, "నాయకుడవు కావు గదా, ఏమి చేయుదువురా?" అని అడిగితిని. "బంతి వేసెదనమ్మా" అనెను. దీపము పెట్టువేళ దాటినను నాడు నేను వానిని కోపగింపలేదు.