మట్టిదిబ్బ మీద రాతికోట నిలుస్తుందా?

నార్మండీ డ్యూక్ విలియం 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచి ఇంగ్లండ్ రాజయ్యాడు. గెలవడం ఒక ఎత్తు, కొద్దివేల మంది సైనికులతో ఆ దేశాన్ని అదుపులో ఉంచుకోవడం మరో ఎత్తు. రాతికోట కట్టాలంటే ఏళ్లు పడుతుంది. తిరుగుబాట్లు అంతకాలం ఆగవు. అందుకే నార్మన్లు మొదట మట్టిని నమ్ముకున్నారు.

గుండ్రంగా లోతైన కందకం తవ్వి, ఆ మట్టినే మధ్యలో దిబ్బగా పోసేవారు. ఈ దిబ్బ పేరు 'మాట్'. దాని మీద చెక్క బురుజు లేచేది. దిబ్బ పక్కనే, దుంగల కంచెతో 'బెయిలీ' అనే ఆవరణ ఉండేది. సైనికుల నివాసాలు, గుర్రపుశాలలు అందులోనే. ఒక్క తవ్వకంతో కందకం, దిబ్బ రెండూ సిద్ధమయ్యేవి.

దీని భారం స్థానికుల మీద పడింది. లింకన్ పట్టణంలో కోట కోసం 166 ఇళ్లు తొలగించారని, 1086లో రాజు చేయించిన 'డూమ్స్‌డే' సర్వేలో నమోదైంది.

బరువు పెరిగితే ఏమవుతుంది?

చెక్కకు నిప్పు శత్రువు. యార్క్ నగరంలో దిబ్బ మీది చెక్క బురుజు 1190లో కాలిపోయింది. 1245లో మూడో హెన్రీ రాజు కాలంలో అక్కడే రాతి బురుజు మొదలైంది. నేడు దాన్ని క్లిఫర్డ్స్ టవర్ అంటారు. 1360 నాటికి అది రెండు చోట్ల పైనుంచి కిందికి చీలింది.

కారణం దిబ్బలోనే ఉంది. పోసిన మట్టి రేణువుల మధ్య గాలి, నీరు నిండిన ఖాళీలుంటాయి. పైన బరువు పడితే ఆ ఖాళీలు మూసుకుపోయి మట్టి కిందికి దిగుతుంది. బంకమట్టిలోంచి నీరు చాలా నెమ్మదిగా బయటికి పోతుంది కాబట్టి, ఈ దిగడం ఏళ్ల తరబడి సాగుతుంది. అంతటా సమానంగా దిగితే పెద్ద ప్రమాదం లేదు. ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ దిగితేనే చిక్కు. రాయి, సున్నంతో కట్టిన గోడ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది కానీ, లాగుడును అంతగా తట్టుకోలేదు. అందుకే పగులుతుంది. చెక్క తేలిక, కాస్త వంగుతుంది కూడా.

దీనికి రెండు దారులు దొరికాయి. ఒకటి, దిబ్బ నడుమ బరువైన బురుజుకు బదులు దాని అంచు చుట్టూ గోడ కట్టడం. లింకన్‌లోని లూసీ టవర్ ఇలాంటిదే. రెండోది, దిబ్బను వదిలేసి సహజమైన నేల మీద కట్టడం. 1070ల చివర లండన్‌లో మొదలైన వైట్ టవర్ అలా లేచింది. దాని ఎత్తు సుమారు 27 మీటర్లు.

క్లిఫర్డ్స్ టవర్ పునాదిని 20వ శతాబ్దం ఆరంభంలో కాంక్రీటుతో బలపరచాల్సి వచ్చింది. నేడు రోడ్డు కట్టలు వేసేటప్పుడు మట్టిని పలుచని పొరలుగా పోసి, ప్రతి పొరనూ రోలర్‌తో అణచడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే: ముందు ఖాళీలు మూయాలి, తర్వాతే బరువు మోపాలి.