తలసేమియా: జిల్లా సగటు చెప్పని లెక్క

గర్భిణికి హిమోగ్లోబిన్ 10 ఉంది. ఐరన్ మాత్రలు రాశారు. నెలల తరబడి మింగినా అంకె కదల్లేదు. అప్పుడు రిపోర్టులో ఇంకాస్త కిందికి చూడాలి. ఎర్రకణాల సంఖ్య తగ్గలేదు, పైగా కాస్త ఎక్కువే ఉంది. కణం సైజు చెప్పే ఎం.సి.వి. మాత్రం 65 దగ్గరుంది. మామూలుగా 80కి తగ్గకూడదు. కణాలు చిన్నవి, కానీ బోలెడు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హిమోగ్లోబిన్ ఎ2 కూడా 3.5 శాతం దాటితే ఆమె బీటా తలసేమియా వాహకురాలని దాదాపు తేలినట్టే.

వాహకురాలికి ఆ రక్తహీనత తప్ప వేరే బాధ ఉండదు. బీటా గ్లోబిన్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. భర్త కూడా వాహకుడైతేనే చిక్కు: ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడ్డవే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అలా పుట్టిన బిడ్డకు సాధారణంగా రెండేళ్లలోపే రక్తం ఎక్కించడం మొదలవుతుంది. ఆపైన రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కిస్తూనే ఉండాలి. అందుకోసం ప్రతిసారీ హైదరాబాద్ రావాలంటే, వికారాబాద్ జిల్లాలోని తాండూరు నుంచి వంద కిలోమీటర్ల పైమాటే.

దేశంలో వాహకులు సగటున 3–4 శాతం. 4 అనుకుందాం. వందమందిలో 200 ప్రతులుంటే చెడ్డవి 4, అంటే 2 శాతం. పెళ్లిళ్లు ఎవరికి ఎవరైనా అన్నట్టు జరిగితే, 1908లో హార్డీ, వైన్‌బర్గ్ విడివిడిగా చెప్పిన సూత్రం ప్రకారం, పదివేల కాన్పుల్లో 4 బిడ్డలకు జబ్బు వస్తుంది. మేనమామ కూతురిని చేసుకున్న జంటల్లో ఆ 4 కాస్తా 16 అవుతుంది. అక్క కూతురిని చేసుకున్నచోట 28 దాటుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మేనరికం చెడ్డ ప్రతులను పెంచదు. 2 శాతం 2 శాతంగానే ఉంటుంది. ఊరంతా చెదిరి ఉండాల్సినవి ఒకే ఇంట్లో జత కూడతాయి, అంతే.

మరి పెంచేదేమిటి? ఒకటి మలేరియా. వాహకులు దాన్ని మెరుగ్గా తట్టుకుంటారేమోనని 1949లో జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ ఊహించాడు. తర్వాతి పరిశోధనలు ఆ ఊహను బలపరిచాయి. దోమలో మలేరియా క్రిమిని 1897లో రోనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే. ఈ నేలకు ఆ జ్వరం కొత్త కాదు. రెండోది, మూలపురుషులు కొద్దిమందే కావడం. ఆర్యవైశ్యులు లక్షల్లో ఉన్నా, ఆపరేషన్లలో కండరాలను సడలించే మందు సక్సినైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే రక్తంలోని ఎంజైము లోపం వారిలో ఎక్కువ. సగోత్రంలో పెళ్లి చేసుకోకపోయినా కులం దాటకపోవడంతో, కొద్దిమంది పూర్వీకుల జన్యువులే వేల ఏళ్లుగా అందరిలో తిరుగుతున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2017లో వచ్చిన అధ్యయనం దీన్నే ఉదాహరణగా చూపింది.

అందుకే జిల్లా సగటును నేను పెద్దగా నమ్మను. వికారాబాద్ జిల్లా గీత గీసింది 2016లో. పెళ్లిసంబంధాలు ఆ గీతను చూసుకుని కుదరవు. తాండూరువాళ్లు కర్ణాటకలోని చించోళి, సేడం వైపు కూడా పిల్లనిస్తారు, తెచ్చుకుంటారు. తండా సంబంధాలు తండాలకే, బజారు సంబంధాలు బజారుకే. జనంలో సగం మందిలో వాహకులు 8 శాతం ఉండి, మిగతా సగంలో అసలే లేరనుకోండి. సగటు 4 శాతమే! ఒకరితో ఒకరు వియ్యమందకపోతే మాత్రం జబ్బు బిడ్డలు పదివేలకు 4 కాదు, 8.

చుట్టరికమే వాహకులను వెతకడానికీ దారి చూపిస్తుంది. దగ్గరి పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే పాకిస్తాన్‌లో, జబ్బు బిడ్డ ఉన్న కుటుంబాల బంధువులను పరీక్షిస్తే 31 శాతం మంది వాహకులని 2002లో ఒక అధ్యయనం చెప్పింది. తాండూరులో ఒక బిడ్డకు తలసేమియా తేలితే, ముందు ఆ బిడ్డ మేనమామలకూ మేనత్తలకూ, పెళ్లీడుకొచ్చిన వాళ్ల పిల్లలకూ పరీక్ష చేయించాలి.