గవ్వలు ఎవరు వేస్తున్నార్రా? | అష్టాచెమ్మా వెనకున్న చేతులు

లాక్‌డౌన్‌లో ఖాళీగా ఉండి నేనొక అష్టాచెమ్మా యాప్ రాశా. అడ్డం 5, నిలువు 5, మొత్తం 25 గళ్లు. ఒక్కొక్కరికి 4 కాయలు. గర్వంగా మా అమ్మమ్మకి చూపించా. రెండు నిమిషాలు ఆడి, ఫోన్ తిరిగిచ్చేసి, "ఇందులో గవ్వలు ఎవరు వేస్తున్నార్రా?" అంది.

ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న గురించే.

ముందు గవ్వల లెక్క చూద్దాం. నాలుగు గవ్వలు వేస్తే, నోరు పైకి పడ్డవి ఎన్నో అన్ని గళ్లు జరగాలి. నాలుగూ పైకి పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. ఈ రెండిట్లో ఏది పడ్డా మళ్లీ వేయొచ్చు. కోడ్‌లో నేను ప్రతి గవ్వకీ సగం సగం ఛాన్స్ ఇచ్చా. అలా అయితే 16 కాంబినేషన్లలో 2 పడేవి 6, చెమ్మ 1, అష్ట 1. కానీ గవ్వ రూపాయి బిళ్ల కాదు కదా! ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు చీలిక. ఏ గవ్వ తీరు దానిదే. గవ్వలు లేని ఇంట్లో చింతపిక్కల్ని ఒకవైపు తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీస్తారు. ఎంత అరగదీస్తే దాన్నిబట్టి పడే తీరు మారుతుంది. అంటే ఆ ఇంటి పాచికని ఆ ఇంటి వాళ్లే తయారు చేసుకున్నారు. నా ర్యాండమ్ ఫంక్షన్‌లో ఆ చెయ్యి లేదు.

రెండోది రూల్స్. ఎదుటివాళ్ల కాయని కనీసం ఒకటి చంపితేనే లోపలి గళ్లలోకి వెళ్లాలని మా అమ్మమ్మ రూల్. వాళ్ల చెల్లెలు మెట్టినింట్లో వేరే నేర్చుకుంది. ఇద్దరూ కూర్చుంటే ముందు పది నిమిషాలు "మీ ఊళ్లో ఎలా, మా ఊళ్లో ఎలా" అనే వాదన. అది తేలాకే సుద్దముక్కతో గళ్లు గీసేవాళ్లు. నేను దాన్ని టైమ్ వేస్ట్ అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే ఆటలో సగం అదే. యాప్‌లో నేను ఒక్క రూల్ పెట్టి మిగతావన్నీ కొట్టేశా.

ఆచారం కూడా ఇలాగే ఆటని మోస్తుంది. శివరాత్రి జాగారం ఉంది కాబట్టి చాలా ఇళ్లలో వైకుంఠపాళి పటం బయటికొచ్చేది. రాత్రంతా మెలకువగా ఉండాలి, పిల్లలకి నిద్రొస్తుంది, అందుకని నిచ్చెనలూ పాములూ. పులి-మేకనే తీసుకోండి. 3 పులులు, 15 మేకలు. దూకి తింటే పులి గెలుపు, కలిసి దారి మూసేస్తే మేకల గెలుపు. దీన్ని పులిజూదం అంటారు కానీ ఇందులో పాచికే లేదు. గీతలు గీసుకోవడానికి రచ్చబండ, ఏరుకోవడానికి రాళ్లు, సాయంత్రం తీరిగ్గా కూర్చునే మనుషులు ఉంటే చాలు.

మరి చేతిపని వాళ్ల సంగతి? అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్కని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. గింజలు, బెరడు, ఆకుల నుంచి రంగులు తీస్తారు. 2017లో ఈ బొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది. బొంగరం తిప్పిన లేత్ మీదే పావులూ తిప్పొచ్చు. నేను కూడా లక్క పావుల సెట్ ఒకటి కొన్నా. కొని ఏం చేశా? టీవీ పక్కన అద్దాల బీరువాలో పెట్టా!

తప్పు అక్కడే జరుగుతోంది. పావు చేతుల్లో అరగాలి, పోవాలి, మళ్లీ కొనాలి. ఆట ఉంటేనే పనివాడికి రెండో ఆర్డర్ వస్తుంది. షోకేస్‌కి ఒక్కసారి కొంటే అయిపోయింది.

చివరిగా ఒక మాట. అమ్మమ్మ చెల్లెలు పోయినేడాది పోయింది. వాళ్ల ఊరి రూల్ నాకు సగమే గుర్తుంది. మిగతా సగం ఎవర్ని అడగాలో తెలీదు. ఇప్పుడు యాప్‌లో గవ్వల బటన్ తీసేశా. గవ్వలు నేల మీద, లెక్క మాత్రం ఫోన్‌లో. లక్క పావులు కూడా బీరువాలోంచి బయటికొచ్చాయి, ఒకదానికి అప్పుడే రంగు లేచింది.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, "మీ ఊళ్లో ఎలా ఆడేవాళ్లు?" అని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి ఒక ఆట ఆడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.